అడగండి చెబుతాం: ఈ వారం అంతా బీస్ట్ గొడవే

కిందటి నెల ఒక పాఠకుడు సూపర్ హీరోల్లో మీకెవరంటే ఇష్టం అని అడిగితే "ఎక్స్-మెన్‌లో బీస్ట్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. మీరు ఊరుకోనిస్తేనా! ఉత్తరాలు, మెయిళ్లు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు. సగం మంది "ఎవరండీ ఆయన" అని, మిగతా సగం "వుల్వరిన్‌ని పెట్టుకుని ఆయనేంటి" అని కొట్లాటకు. సరే, ఈ వారం శీర్షిక మొత్తం ఆయనకే రాసిచ్చేశాను. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎక్స్-మెన్ అంటే మార్వెల్ కామిక్స్‌లో మ్యూటెంట్ల జట్టు, అంటే జన్యువుల్లో మార్పుతో వింత శక్తులు వచ్చినవాళ్లు. అందులో ఒకడు మన బీస్ట్. అసలు పేరు హెన్రీ మెకాయ్, దగ్గరివాళ్లకు హ్యాంక్. ఒళ్లంతా నీలం బొచ్చు, కోరలు, గోళ్లు. బుర్ర నిండా జీవరసాయన శాస్త్రం, జన్యుశాస్త్రం, ఆపైన బోలెడంత సాహిత్యం. కాళ్లతో దూలాన్ని పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ పుస్తకం చదువుకునే రకం.

ప్రశ్న: అన్నా, బీస్ట్ పుట్టుకతోనే అట్ల నీలంగా ఉంటడా? మా దోస్త్ అవునంటుండు, నేను కాదంటున్న. బిర్యానీ పందెం.
- ఇంటర్ సెకండియర్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

బిర్యానీ నీదే తమ్ముడూ, డబుల్ మసాలా చెప్పు. 1963 సెప్టెంబర్ తేదీతో వచ్చిన ఎక్స్-మెన్ మొదటి సంచికలో స్టాన్ లీ, జాక్ కర్బీ తయారుచేసిన బీస్ట్ మామూలు మనిషే, కాకపోతే చేతులు, పాదాలు మరీ పెద్దవి, బూట్లు విప్పేస్తే గోడలెక్కేస్తాడు. తండ్రి అణు విద్యుత్ కేంద్రంలో పనిచేస్తూ రేడియేషన్‌కు గురయ్యాడు, కొడుకు ఇలా పుట్టాడు అని కథ. ఇంకో తమాషా ఏంటంటే మొదటి సంచికలో ఈయన రౌడీ భాష మాట్లాడతాడు, తర్వాత ఒకటి రెండు సంచికలకే ఏం తోచిందో ఏమో రచయితలు ఆయన నోట్లో నిఘంటువు పెట్టేశారు. ఆ మార్పే పాత్రను నిలబెట్టిందని నా లెక్క. అంత పెద్ద పాదాలవాడు అంత చక్కగా మాట్లాడటమే మజా.

ఇక బొచ్చు సంగతి. అది 1972 మార్చి నాటి అమేజింగ్ అడ్వెంచర్స్ 11వ సంచికలో వస్తుంది. హ్యాంక్ ఎక్స్-మెన్‌ని తయారుచేసే స్కూలు వదిలి బ్రాండ్ కార్పొరేషన్ అనే కంపెనీలో పరిశోధకుడిగా చేరతాడు, మనిషిలో మ్యూటేషన్ తెచ్చే రసాయనాన్ని విడదీస్తాడు. దాన్ని కొట్టేయడానికి లోపలివాళ్లే ప్లాన్ వేశారని తెలుస్తుంది. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? పోలీసులకు ఫోన్, లేదా ఆ స్కూలు నడిపే ప్రొఫెసర్‌కు ఫోన్. ఈయన తన మందు తనే గటగటా తాగేశాడు, తనని ఎవరూ గుర్తుపట్టకుండా దొంగల్ని పట్టుకుందామని! పని అయితే అయింది గానీ విరుగుడు తీసుకోవాల్సిన సమయం దాటిపోయింది, బొచ్చు ఉండిపోయింది.

తర్వాత వచ్చేదే నాకు బాగా గుర్తుండిపోయిన ముక్క. మర్నాడు డ్యూటీకి వెళ్లాలి కదా. అందుకని తన ముఖాన్నే రబ్బరు మాస్కుగా తయారుచేసుకుని, చేతులకు గ్లోవ్స్ తొడుక్కుని, సూటు వేసుకుని ఏమీ జరగనట్టు ఆఫీసుకు పోతాడు. తన మొహం తనే తగిలించుకుని తిరగడం! ఆ మాస్కు ఎక్కడ ఊడుతుందోనన్న టెన్షన్‌తో నడుస్తుంది కొన్నాళ్లు కథంతా. మీ దోస్త్‌కి ఇది కూడా చెప్పు, రైతా కూడా వాడే ఇప్పిస్తాడు.

ప్రశ్న: మరి నీలమే ఎందుకండీ? కోతికైనా ఎలుగుకైనా నీలం ఉండదు కదా.
- ఒక గృహిణి, మల్కాజిగిరి

మొదట నీలం కాదండీ, బూడిద రంగు. కొన్ని సంచికలయ్యాక నలుపు అన్నారు. ఆ రోజుల్లో కామిక్స్‌లో నల్లటిది ఏది గీసినా, అది జుట్టయినా కోటయినా, మెరుపు కనబడే చోట నీలం వేసేవాళ్లు, లేకపోతే బొమ్మంతా సిరా ముద్దలా కనబడుతుంది. ఆ నీలం మెల్లగా పెరిగి పెరిగి ఒళ్లంతా పాకింది, చదివేవాళ్లు కూడా నీలమే అనుకోవడం మొదలెట్టారు, చివరికి అదే ఖాయమైంది. హల్క్ కథ కూడా ఇంచుమించు ఇదే, 1962లో మొదటి సంచికలో ఆయన బూడిద రంగే, ప్రింటింగ్‌లో ఒక పేజీకి ఒకలా వస్తోందని రెండో సంచికకి ఆకుపచ్చ చేశారు. సగం పురాణం ప్రెస్సులోనే పుడుతుందండీ.

ప్రశ్న: ఆకారం వానరం, నోరు విప్పితే పాండిత్యం. ఇది మన హనుమంతుణ్ణి చూసి దించిందే కదా? వాళ్లు ఒప్పుకోరు గానీ.
- విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, చిక్కడపల్లి

మాస్టారూ, నమస్కారం. దించారని చెప్పడానికి ఆధారం ఏమీ లేదు, మన దగ్గర ముందే ఉంది కాబట్టి వాళ్లది కాపీ అనే వాదన నాకు రుచించదు. కానీ మీరు హనుమంతుడి పేరెత్తారు కాబట్టి ఒక సంగతి పంచుకోవాలనిపిస్తోంది. కిష్కింధాకాండలో రాముడు లక్ష్మణుడితో అంటాడు కదా, వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడు, వ్యాకరణం ఎన్నోసార్లు విని ఉంటాడు, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు అని. మీరు ఎన్ని బ్యాచ్‌లకు చెప్పి ఉంటారో ఆ ఘట్టం. అయితే రాముడు ఆ మెచ్చుకోలు మాటలన్నప్పుడు హనుమంతుడు కోతి రూపంలో లేడు, భిక్షువు వేషంలో ఉన్నాడు. మాట నచ్చాక, పని కుదిరాక ఆ వేషం తీసేసి వానర రూపంలోకి వచ్చి ఇద్దర్నీ వీపు మీద ఎక్కించుకుని పోయాడు. తీసేసేటప్పుడు రవ్వంత జంకు కూడా లేదు. హ్యాంక్‌కి చేతకానిది అదే. ఆయన మాస్కు తీయడానికి నానా అవస్థ పడ్డాడు. తీసేశాక కూడా, 1975లో అవెంజర్స్ అనే ఇంకో హీరోల జట్టులోకి వచ్చి జోకులేస్తూ, సరదాగా తిరుగుతూ, అక్కడి వండర్ మ్యాన్‌తో జాన్ జిగ్రీ దోస్తీ చేస్తూ హాయిగా కనిపించాడే గానీ, లోపల పాత మొహం మీద మమకారం పోలేదు. 2004 నాటి అస్టానిషింగ్ ఎక్స్-మెన్‌లో మ్యూటెంట్‌లను మామూలు మనుషుల్ని చేసే మందు వచ్చిందనగానే అందరికన్నా ముందు చెయ్యి చాపబోయింది ఈయనే. వుల్వరిన్ అడ్డుపడితే ఇద్దరూ కొట్టుకున్నారు కూడా. హనుమంతుడికి ఆ మందు ఇస్తే ఏం చేసేవాడో మీరే ఊహించండి.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. వయసుకు మించి లావుగా ఉంటాడు, చేతుల మీద, వీపు మీద వెంట్రుకలు ఎక్కువ. క్లాసులో "ఎలుగుబంటి" అంటున్నారట. ఈ మధ్య "నేను బీస్ట్‌ని" అంటూ బొమ్మలేసుకుంటున్నాడు. ఆ పిచ్చి మాన్పించాలా? ఏదైనా క్రీమ్ రాయమంటారా?
- ఒక తల్లి, కూకట్‌పల్లి

క్రీమ్ వద్దండీ. ఈ మధ్యే హఠాత్తుగా పెరిగాయనిపిస్తే మాత్రం పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించండి, చిన్న వయసులో హార్మోన్ల తేడా ఉంటే వాళ్లు చెబుతారు. వాళ్ల నాన్నకో తాతకో కూడా అలాగే ఉంటే ఇక కంగారేం లేదు. బొమ్మలు అస్సలు మాన్పించకండి. వాడికి ఒక పేరు అంటగట్టారు, వాడు దాన్ని పక్కనపెట్టి తనకు నచ్చిన పేరు పెట్టుకున్నాడు, పదేళ్లకే ఆ మాత్రం తెలివి ఉన్నవాడి గురించి బెంగెందుకు? కానీ క్లాస్ టీచర్‌తో మీరు వెళ్లి మాట్లాడాలి. "పిల్లలన్నాక అనుకుంటారులే" అని టీచర్ తేల్చేస్తే మళ్లీ వెళ్లండి. వాడి ఊహాలోకం వాడికి ఉంటుంది, దాన్ని చూసుకుని పెద్దవాళ్లు తమ పని ఎగ్గొట్టకూడదు.

వాడికి చెప్పడానికి ఒక కథ ఇస్తాను, 1964లో వచ్చిన ఎక్స్-మెన్ ఎనిమిదో సంచిక. ఒక పిల్లాడు ఎత్తైన వాటర్ ట్యాంకు మీద ఇరుక్కుంటాడు. బీస్ట్ పైకి పాకి వాణ్ణి కాపాడి కిందికి దించుతాడు. కింద జనం చప్పట్లు కొట్టాలా? "వీడు మ్యూటెంట్ రా" అని మీద పడి బట్టలు చింపేస్తారు. దాంతో విసుగెత్తి టీమ్ వదిలేసి కుస్తీ పోటీలకు పోతాడు. అక్కడ యూనస్ అని ఒకడు, వాడి ఒంటి చుట్టూ కనబడని కవచం, వాణ్ణి ఎవరూ ముట్టుకోలేరు. బలంతో కుదరదని తేలిపోయింది. బీస్ట్ ఏం చేశాడంటే ఒక యంత్రం కట్టాడు, ఆ కవచాన్ని తగ్గించేది కాదు, ఇంకా పెంచేది! తోటివాళ్లే "నువ్వు శత్రువుతో కలిశావా" అని అనుమానించి అడ్డుపడ్డారు. ఆ యంత్రాన్ని యూనస్ మీద ప్రయోగించాడు, వాడి బలం రెట్టింపైంది, అన్నం తిందామని చెయ్యి చాపితే ప్లేటు ఎగిరి అవతల పడుతోంది. ఏదీ అంటుకోదు, ఏదీ నోట్లోకి పోదు. ఆకలికి వచ్చి కాళ్ల బేరానికి దిగాడు. మీ వాడికి ఈ ప్లేటు ఎగిరే బొమ్మ తప్పకుండా నచ్చుతుంది, గీసి పంపిస్తే చూస్తాను.

ప్రశ్న: నేను బీఎస్సీ బయోటెక్నాలజీ. రోజూ హబ్సిగూడలో సీసీఎంబీ పరిశోధన కేంద్రం ముందు నుంచే కాలేజీకి వెళ్తాను. అసలు ఒక మందు తాగితే జీన్స్ మారి ఒళ్లంతా బొచ్చు రావడం సాధ్యమేనా?
- విద్యార్థిని, ఉప్పల్

తాగితే కాదమ్మా. డీఎన్ఏ అయినా ఎంజైమ్ అయినా నోట్లో పోసుకుంటే కడుపులో ఇడ్లీకి పట్టిన గతే, అరిగిపోతుంది. ఇప్పుడు నిజంగా చేస్తున్న జీన్ ఎడిటింగ్ ఎలా ఉందో చూడు. సికిల్ సెల్ అనే రక్తం జబ్బుకు, జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో చేసే చికిత్సకు 2023 నవంబర్‌లో బ్రిటన్ మొదటిసారి అనుమతిచ్చింది. అందులో రోగి రక్తం తయారుచేసే మూలకణాలను బయటికి తీస్తారు, ల్యాబ్‌లో మారుస్తారు, ఈలోగా ఎముక మజ్జలో మిగిలిన పాత కణాలను మందులతో ఖాళీ చేస్తారు, అప్పుడు మార్చినవాటిని తిరిగి ఎక్కిస్తారు. ఒక్క రకం కణాల కోసం ఇంత తతంగం. ఒంట్లో ఉన్న కణాలన్నిటినీ గంటలో మార్చే సీసా ఇంకా కామిక్స్‌లోనే ఉంది.

కానీ బొచ్చు మాత్రం కట్టుకథ కాదు. హైపర్‌ట్రైకోసిస్ అని ఉంది, చాలా అరుదు, కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది, ముఖంతో సహా ఒళ్లంతా వెంట్రుకలు. 16వ శతాబ్దంలో టెనెరిఫే దీవిలో పుట్టిన పెట్రస్ గొన్సాల్వస్ అనే మనిషికి అది ఉండేది. చిన్నపిల్లాడిగా ఉండగానే 1547లో ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీకి ఆయన్ని కానుకగా పంపారు, ఒక వింత జంతువును పంపినట్టు. రాజు ఆయనకు చదువు చెప్పించాడు, లాటిన్ నేర్పించాడు, కొలువులో పెట్టుకున్నాడు. పెళ్లయింది, పిల్లల్లో కొందరికి అదే లక్షణం వచ్చింది. ఆ పిల్లల్ని కూడా పెద్దింటివాళ్లు కానుకల్లాగే పంచుకున్నారు. పట్టుబట్టలు కట్టిన ఆ కుటుంబం చిత్రాలు ఆస్ట్రియాలో ఆంబ్రాస్ కోటలో ఉన్నాయి, అందుకే ఈ లక్షణాల్లో ఒక రకానికి ఆంబ్రాస్ సిండ్రోమ్ అని పేరు. ఎంత లాటిన్ వచ్చినా చివరిదాకా ఆయన్ని వింతగానే చూశారు. కామిక్స్ కన్నా నాలుగు వందల ఏళ్ల ముందు సంగతి ఇది, నాకైతే ఆ సంగతి చదివినప్పుడు బీస్ట్ కథ చిన్నదైపోయింది.

ప్రశ్న: ఇంత తెలివైన బీస్ట్ ఈఏపీసెట్ రాస్తే ర్యాంకు ఎంత రావచ్చు?
- ఒక తుంటరి, అమీర్‌పేట

హాల్ టికెట్ ఫొటోకి, మొహానికి పోలిక లేదని గేటు దగ్గరే ఆపేస్తారు.

ప్రశ్న: సార్, నైంటీస్‌లో టీవీ కార్టూన్‌లో చూసిన బీస్ట్ ఎంత పెద్దమనిషి! ఈ మధ్య కామిక్స్‌లో పూర్తిగా విలన్‌ని చేశారని విన్నాను. ఎందుకిలా పాడుచేశారు?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మణికొండ

నిజమే, 2019లో మొదలైన ఎక్స్-ఫోర్స్‌లో రచయిత బెంజమిన్ పెర్సీ ఆయన్ని చాలా దూరం తీసుకుపోయాడు. మ్యూటెంట్లకు క్రాకోవా అని సొంత దేశం వస్తుంది, దాని గూఢచారి విభాగానికి బీస్ట్ పెద్ద. దేశ రక్షణ పేరుతో మొదలైంది, చివరికి వుల్వరిన్‌ని, ఇన్నేళ్ల తోటివాణ్ణి, చంపించి మళ్లీ బతికించి బుద్ధి లేని ఆయుధంలా వాడుకునేదాకా పోయింది. అభిమానులకు మండింది, మండదా మరి. చాలామంది "ఇది మా హ్యాంక్ కాదు" అన్నారు.

నేను అలా అనలేను. పాడుచేశారని మీరంటున్నారు గానీ, ఆ విత్తనం 1972లోనే పడిందని నా వాదన. మళ్లీ ఆ సీసా దగ్గరికే వెళ్దాం. మందు కనిపెట్టింది తనే, పరీక్షించింది తన మీదే, తాగే ముందు ఒక్కరినీ అడగలేదు. ఆ అలవాటు మంచి పనుల్లోనూ ఉంది. లెగసీ వైరస్ అనే మహమ్మారికి 2001లో మందు తయారుచేసింది ఈయనే, మొయిరా మెక్‌టాగర్ట్ అనే శాస్త్రవేత్త వదిలి వెళ్లిన నోట్స్ ఆధారంగా. అది విడుదల కావాలంటే ఎవరో ఒకరు ప్రాణం ఇవ్వాలి, ఇంకా దారి వెతకాలని బీస్ట్ ఆగితే తోటి ఎక్స్-మెన్ కొలోసస్ రాత్రికి రాత్రి ఆ పని చేసేశాడు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ దెబ్బ నుంచి ఈయన తేరుకోలేదేమో, ఆ తర్వాత ఆగడం మానేశాడేమో అని. అది నా ఊహే, ఎక్కడా రాసి లేదు. 2012లో ఆల్-న్యూ ఎక్స్-మెన్‌లో చూడండి, మొదటినుంచీ తోటివాడైన సైక్లాప్స్ దారి తప్పాడని కోపం వచ్చి, కాలంలో వెనక్కి పోయి అరవైల నాటి మొదటి ఎక్స్-మెన్ ఐదుగురు పిల్లల్ని, అందులో చిన్నప్పటి సైక్లాప్స్‌ని, చిన్నప్పటి తనని కూడా, ఇప్పటి రోజుల్లోకి పట్టుకొచ్చేశాడు! నిన్ను నువ్వు చూసి సిగ్గుపడు అని సైక్లాప్స్‌కి చెప్పడానికి. కాలచక్రం ఏమవుతుంది, ఆ పిల్లలు ఏమవుతారు, ఏమీ ఆలోచించలేదు. ఆ మరుసటి ఏడాదికల్లా ఇల్యూమినాటీ అనే రహస్య మేధావుల బృందంలో కూర్చుని, మన భూమిని కాపాడుకోవడానికి ఇంకో భూమిని పేల్చాలా అని చర్చిస్తున్నాడు.

ఆ బొచ్చు వల్ల మనం మోసపోతున్నాం, అదీ సంగతి. మృగం బయట ఉంది కాబట్టి లోపల అంతా సాధువే అనుకున్నాం, రచయితలు కూడా ఏళ్ల తరబడి అలాగే రాశారు. ఈయన చేసిన ప్రతి పెద్ద తప్పూ కోరలతో చేసింది కాదు, బుర్రతో చేసింది. "నాకు తెలుసు, నేను సరిచేస్తాను" అనే ఆ ధీమా మీ ఆఫీసులో కూడా ఒకరికి ఉండే ఉంటుంది, శుక్రవారం సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ప్రొడక్షన్‌లో కోడ్ మార్చేసి ఇంటికి పోయే సీనియర్.

మీకు కాస్త ఊరట కలిగించే మాట: 2024లో ఆ కథ ముగిసేసరికి ఆ పాత బీస్ట్ పోయి, అవెంజర్స్ రోజుల నాటి జ్ఞాపకాలతో ఇంకో బీస్ట్ మిగిలాడు. ఆయనకు తర్వాతి దశాబ్దాల్లో తన పేరు మీద జరిగిన ఘోరాలేవీ తెలియవు, ఎవరో చెబితే వినాల్సిందే. ఆ తర్వాత అలాస్కాలో సైక్లాప్స్ టీమ్‌లో చేరాడు. మీ కార్టూన్ బీస్ట్‌కి కూడా ఏం కాలేదు, 2024లో ఎక్స్-మెన్ '97 పేరుతో ఆ సీరీస్ మళ్లీ మొదలైంది, గొంతు కూడా పాత సీరీస్‌లో ఇచ్చిన జార్జ్ బూజాదే.

ప్రశ్న: కొత్తగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? హైదరాబాద్‌లో దొరుకుతాయా?
- డిగ్రీ విద్యార్థి, మెహదీపట్నం

అస్టానిషింగ్ ఎక్స్-మెన్ మొదటి సంపుటితో మొదలుపెట్టండి, వెనక కథ తెలియకపోయినా నడుస్తుంది. కొత్త ప్రతులు పెద్ద పుస్తకాల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. డబ్బులు తక్కువైతే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వరుస చూడండి, మూసేసిన షట్టర్ల ముందు పరుస్తారు కదా. సూపర్ హీరోల కామిక్స్ సాధారణంగా పిల్లల పుస్తకాల కుప్పలో అడుగున ఉంటాయి, కాబట్టి కూర్చుని తవ్వాల్సిందే, నిలబడి చూస్తే కనబడవు. బేరం ఆడే ముందు మధ్య పేజీలు చూసుకోండి. పిన్నులు తుప్పుపట్టి ఊడిపోతే ముందు పోయేవి ఆ నాలుగు పేజీలే, సరిగ్గా ఫైటింగ్ అక్కడే ఉంటుంది. ఫలానాది కావాలని పట్టుదలతో వెళితే మాత్రం వట్టి చేతులతో వస్తారు.

సినిమాల్లో అయితే 2006 నాటి ది లాస్ట్ స్టాండ్‌లో కెల్సీ గ్రామర్, 2011 నుంచి వచ్చిన భాగాల్లో కుర్ర హ్యాంక్‌గా నికొలస్ హోల్ట్. గ్రామర్‌కే నా ఓటు, ఆ గొంతులో ఆ చదువు వినిపిస్తుంది.

ప్రశ్న: ఈసారి కామిక్ కాన్‌కి బీస్ట్ వేషంలో పోదామనుకుంటున్న అన్నా. ఒళ్లంతా నీలం పెయింట్ కొట్టుకోవాలా?
- కాస్‌ప్లే కుర్రాడు, సికింద్రాబాద్

పెయింట్ జోలికి పోకు, చెమటకు కారి తెల్ల చొక్కా, ఆటో సీటు రెండూ పోతాయి. జనరల్ బజార్‌లో నీలం ఫర్ క్లాత్ అడుగు, చేతులకు, మెడకు సరిపడా చాలు, మిగతాదంతా సూటు కప్పేస్తుంది. ముక్కు మీద చిన్న కళ్లద్దాలు, చేతిలో ఒక లావుపాటి పుస్తకం. మెట్రోలో పోయేటట్టయితే మాస్కు బ్యాగులో పెట్టుకో, చెకింగ్ దగ్గర ఎలాగూ తీయిస్తారు, హాల్లోకి పోయాక తగిలించుకుందువు గానీ. నీళ్ల బాటిల్ మర్చిపోకు, ఆ ఫర్ లోపల వేడికి గంటలో కళ్లు తిరుగుతాయి.